మీ పేజీ ఒకటి, యాడ్ ఇంకొకటి: సంబంధం లేని ప్రకటనలను దారిలో పెట్టడం ఎలా?

"చైన్ శుభ్రం చేయడం గురించి రాశాను, సైకిల్ చైన్. పక్కన బంగారు గొలుసుల యాడ్ వస్తోంది. ఎక్కడ తప్పు చేశాను?" మాటలు మారతాయి కానీ ఈ ప్రశ్న అడగని వారం లేదు. మొక్కల పెంపకం సైట్‌లో లోన్ యాడ్స్, వ్యాయామాల సైట్‌లో వీడియో గేమ్ యాడ్స్, పిల్లల కథల పేజీలో ఇన్సూరెన్స్. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకేచోట, చేయాల్సిన వరసలో రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. సంబంధం లేని యాడ్ కనిపించగానే చాలామంది యాడ్ అకౌంట్‌లోకి వెళ్లి, కనిపించిన బటన్లన్నీ నొక్కేస్తారు. నేను చూసిన సైట్లలో ఎక్కువ వాటికి లోపం అక్కడ లేదు. మీ కంటికి కనిపించే పేజీ వేరు, యాడ్ కంపెనీ క్రాలర్ చేతికి అందే పేజీ వేరు. తేడా అంతా అక్కడే ఉంది. క్రాలర్ అంటే మీ పేజీని తెచ్చుకుని చదివే ప్రోగ్రామ్. అది చదివినదాన్ని బట్టే "ఈ పేజీ ఫలానా విషయం గురించి" అని సిస్టం నిర్ణయించుకుంటుంది. అందుకే ఈ గైడ్‌లో అకౌంట్ సెట్టింగ్స్ చివర్లో వస్తాయి. ఆ వరస మార్చకండి.

ఉదాహరణలకు సైట్లలో యాడ్స్ చూపించే గూగుల్ సర్వీస్ యాడ్‌సెన్స్ తీసుకుంటున్నాను, ఎక్కువమంది దగ్గర ఉన్నది అదే కాబట్టి. వేరే నెట్‌వర్క్ అయితే మెనూల పేర్లు మారతాయి, పని మాత్రం దాదాపు ఇదే.

తెలుసుకోవాల్సిన థియరీ ఒక్క ముక్క. మీ పేజీలో కనిపించే ప్రతి యాడూ పేజీలోని విషయాన్ని చూసి వచ్చింది కాదు. కొన్ని చూసేవాళ్ల ఆసక్తులను బట్టి వస్తాయి, కొన్ని మీ సైట్‌నే ఎంచుకున్న ప్రకటనదారుల నుంచి వస్తాయి, ఇంకొన్ని ఏ సైట్ అయినా ఫర్వాలేదని నెట్‌వర్క్ అంతటా తిరుగుతుంటాయి. వీటన్నిటి మధ్య ప్రతిసారీ వేలం జరుగుతుంది. మీ రాతకు సంబంధించిన యాడ్ ఆ వేలంలో నిలబడే అవకాశం పెంచడమే మన పని. వందకు వంద శాతం సరిపోయే యాడ్సే రావాలని కోరుకుంటే అది జరగదు.

కావలసినవి:

- యాడ్ అకౌంట్ లాగిన్.
- సైట్ ఫైళ్లు, థీమ్ మార్చుకునే వీలు. మీకు రాకపోతే, వచ్చిన మనిషి.
- సర్వర్ యాక్సెస్ లాగ్. ఎవరు ఎప్పుడు ఏ పేజీ అడిగారో రాసి ఉండే ఫైల్. మామూలుగా హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్‌లోనే దొరుకుతుంది.
- ప్రైవేట్ విండో తెరవగలిగే బ్రౌజర్.
- తేదీ వేసి రాసుకోవడానికి ఒక షీట్. కాగితమైనా సరే, కానీ ఉండాలి.
- కనీసం మూడు నాలుగు వారాల ఓపిక. ఇవాళ మార్చి రేపు చూస్తే ఏమీ తెలియదు.

1. నిజంగా సమస్య ఉందో లేదో తేల్చుకోండి

మీ సైట్‌లో మీకు కనిపించే యాడ్స్‌ని బట్టి మీ సైట్‌ని అంచనా వేయకండి. నిన్న మీరు ఫ్రిజ్ ధరలు వెతికి ఉంటే ఇవాళ మీ సైట్‌లోనూ ఫ్రిజ్‌లే కనిపిస్తాయి. అది మీ బ్రౌజింగ్ చరిత్ర వల్ల వచ్చింది, పేజీ వల్ల కాదు. కాబట్టి ఏ గూగుల్ అకౌంట్‌లోనూ లాగిన్ అవ్వకుండా ప్రైవేట్ విండో తెరవండి. సైట్‌లోంచి పది పేజీలు ఎంచుకోండి. బాగా చదివేవి ఐదు, కొత్తవి మూడు, హోమ్ పేజీ, ఒక కేటగిరీ పేజీ. ఒక్కో పేజీని కొత్త ప్రైవేట్ విండోలో రెండు మూడు సార్లకు మించకుండా తెరిచి, ఏ యాడ్స్ వచ్చాయో షీట్‌లో రాయండి: తేదీ, పేజీ, యాడ్ దేని గురించి, పేజీకి సంబంధం ఉందా లేదా. ఇంతే. ఈ జాబితానే తర్వాత మీకు కొలబద్ద అవుతుంది.

యాడ్ మూలన చిన్న గుర్తు ఉంటుంది. అది నొక్కితే ఈ యాడ్ ఎందుకు చూపించారో చెప్పే పేజీకి దారి దొరుకుతుంది. పేజీలోని సమాచారం వల్ల వచ్చిందా, మీ ఆసక్తుల వల్ల వచ్చిందా అన్నది చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

హెచ్చరిక: టెస్టింగ్ పేరుతో యాడ్ మీద క్లిక్ చేయకండి. ఇంట్లోవాళ్ల చేత, స్నేహితుల చేత కూడా చేయించకండి. సొంత యాడ్స్ మీద క్లిక్కులను చెల్లని ట్రాఫిక్‌గా లెక్కిస్తారు, అకౌంట్ మూతపడే ప్రమాదం ఉంది. పేజీని పదేపదే రీఫ్రెష్ చేస్తూ కూర్చోవడం కూడా మంచిది కాదు.

పది పేజీల్లో ఏడెనిమిదింట యాడ్స్ సరిగ్గానే ఉంటే మీకు పెద్ద సమస్య లేదు. ఆ మిగిలిన పేజీల వరకే కింది పని చేయండి.

2. క్రాలర్ లోపలికి రాగలుగుతోందా చూడండి

ఇక్కడ తేడా ఉంటే తర్వాతి స్టెప్పులన్నీ దండగ. అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

యాడ్‌సెన్స్ క్రాలర్ పేరు మీడియాపార్ట్‌నర్స్-గూగుల్. లాగ్‌లో, ఫైళ్లలో ఇది ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో అడ్డగీతతో (Mediapartners-Google) ఉంటుంది. గూగుల్ సెర్చ్ కోసం తిరిగే గూగుల్‌బాట్ వేరు, ఇది వేరు. "నా పేజీలు గూగుల్ సెర్చ్‌లో వస్తున్నాయి కదా, అంటే క్రాలర్ వస్తున్నట్టే కదా" అంటారు చాలామంది. కాదు. ఒకటి రావడం రెండోది వస్తుందనడానికి రుజువు కాదు.

ముందు మీ సైట్ రోబోట్స్ ఫైల్ (robots.txt) తెరవండి. క్రాలర్ల లాంటి ప్రోగ్రాములు, అంటే బాట్లు, ఏ పేజీలు చదవొచ్చో ఏవి చదవకూడదో చెప్పే ఫైల్ ఇది. అందులో మీడియాపార్ట్‌నర్స్-గూగుల్ పేరు మీద ఏదైనా నిషేధం ఉంటే తీసేయండి. "అన్ని బాట్లకూ" అంటూ నక్షత్రం గుర్తుతో రాసిన నియమాన్ని ఈ క్రాలర్ పట్టించుకోదు, తన పేరుతో రాసినదే చూస్తుంది. పూర్తి అనుమతి ఇవ్వాలనుకుంటే దాని పేరు రాసి, కింద డిజలౌ (Disallow) అన్న వరస ఎదురుగా ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేయండి. ఖాళీ అంటే ఏదీ నిషేధం కాదు అని. అక్కడ పొరపాటున ఒక్క ఏటవాలు గీత పడిందంటే అర్థం పూర్తిగా తిరగబడి సైట్ మొత్తం నిషేధమైపోతుంది. సేవ్ చేశాక బ్రౌజర్‌లో ఆ ఫైల్ మళ్లీ తెరిచి కళ్లతో చూసుకోండి.

రోబోట్స్ ఫైల్ బాగానే ఉన్నా పని కాకపోతే లాగ్‌లోకి వెళ్లాలి. నాకు జరిగింది చెబుతాను. ఒక సైట్‌లో వారాల తరబడి యాడ్స్ అడ్డదిడ్డంగా వచ్చాయి. టైటిల్స్ మార్చాను, వ్యాసాలు తిరగరాశాను, ఏ తేడా లేదు. చివరికి లాగ్ తెరిచి క్రాలర్ పేరు వెతికితే, వచ్చిన ప్రతిసారీ దానికి 403 జవాబు వెళ్తోంది. అంటే తలుపు దగ్గరే వెనక్కి పంపేస్తున్నాం. బాట్లను ఆపుతుందని పెట్టుకున్న ఒక సెక్యూరిటీ ప్లగిన్ చేస్తున్న పని అది. ఆ క్రాలర్‌ని అనుమతించిన జాబితాలో చేర్చాక లాగ్‌లో 200 కనిపించడం మొదలైంది, యాడ్స్ మెల్లగా దారికొచ్చాయి. అన్ని వారాలు నేను తిరగరాసిన వ్యాసాలను అది ఒక్కసారి కూడా చదవలేదు. అప్పటి నుంచి ఎవరు అడిగినా నా మొదటి ప్రశ్న "లాగ్ చూశారా" అనే.

లాగ్‌లో క్రాలర్ పేరు ఉన్న వరసల్లో ఈ అంకెలు చూడండి:

- 200: పేజీ అందింది. మంచిది.
- 301, 302: వేరే చిరునామాకి పంపుతున్నారు. ఒకసారి అయితే ఫర్వాలేదు, ఒకదాని మీద ఒకటి మూడు నాలుగు ఉంటే సరిచేయండి.
- 403: అడ్డుకుంటున్నారు. ఫైర్‌వాల్, సెక్యూరిటీ ప్లగిన్, హోస్టింగ్ వాళ్ల బాట్ రక్షణ, ఈ మూడూ చూడండి.
- 404: ఆ పేజీ లేదు.
- 429: ఎక్కువసార్లు అడుగుతున్నావని ఆపుతున్నారు. పరిమితి సడలించండి.
- 500, 503: సర్వరే పడిపోతోంది. ముందు దాని సంగతి చూడండి.

అసలు ఆ పేరే లాగ్‌లో లేకపోతే? మీ సర్వర్ ముందున్న కాష్ సర్వీస్ (పేజీల కాపీలు దాచి త్వరగా అందించేది) దగ్గరే ఆగిపోతూ ఉండొచ్చు, లేదా అక్కడి నుంచే జవాబు వెళ్తూ ఉండొచ్చు. ఆ సర్వీస్ లాగ్ విడిగా ఉంటుంది, అది చూడండి.

జాగ్రత్త: ఎవరైనా ఆ పేరు పెట్టుకుని రావచ్చు. అందుకని పేరొక్కటే చూసి తలుపులు బార్లా తెరవకండి. లాగ్‌లో దాని పక్కనున్న ఐపీ చిరునామాని తిరగేసి వెతికితే (రివర్స్ డీఎన్ఎస్ అంటారు) గూగుల్ డొమైన్ రావాలి, ఆ డొమైన్ పేరుని మళ్లీ వెతికితే అదే ఐపీ రావాలి. ఫైర్‌వాల్ సర్వీసులు చాలావాటిలో "ధ్రువీకరించిన బాట్లు" అని ఒక ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆన్ చేస్తే ఈ తనిఖీ అవే చేస్తాయి.

పేజీలు లాగిన్ వెనక ఉంటే క్రాలర్‌కి అవి కనపడవు. యాడ్‌సెన్స్ అకౌంట్ సెట్టింగ్స్‌లో క్రాలర్ యాక్సెస్ అనే చోట దానికోసం ప్రత్యేకంగా ఒక లాగిన్ ఇవ్వొచ్చు. మీ సొంత పాస్‌వర్డ్ ఇవ్వకండి, చదవడానికి మాత్రమే హక్కున్న వేరే యూజర్‌ని తయారుచేసి ఇవ్వండి.

3. లోపలికి వచ్చాక ఏం చదువుతోందో చూడండి

పేజీ తెరిచి, మౌస్ కుడి బటన్ నొక్కి, పేజీ సోర్స్ చూపించు అన్నది ఎంచుకోండి. మీ వ్యాసం మధ్యలోంచి ఒక వాక్యం కాపీ చేసి ఆ సోర్స్‌లో వెతకండి. మొదటి పేరా నుంచి తీసుకోకండి, అది పేజీ సారాంశం పెట్టే వివరణ ట్యాగులో కూడా ఉండొచ్చు కాబట్టి మోసపోతారు. మూడో పేరానో నాలుగో పేరానో తీసుకోండి.

దొరికిందా, సంతోషం. దొరకలేదంటే మీ వ్యాసం జావాస్క్రిప్ట్ నడిచాకే పేజీలోకి వస్తోంది. క్రాలర్ దాన్ని నడిపి చదువుతుందన్న భరోసా పెట్టుకోకండి. సర్వర్ దగ్గరే పేజీ పూర్తిగా తయారై వచ్చేలా మార్చుకోవడం అసలైన మందు. అది పెద్ద పని అనుకుంటే, కనీసం టైటిల్, ఉపశీర్షికలు, మొదటి రెండు మూడు పేరాలైనా సోర్స్‌లో నేరుగా ఉండేలా చూడండి.

ఇదే తీరులో దొరికే ఇతర లోపాలు: వ్యాసం మొత్తం బొమ్మగా పెట్టడం (క్రాలర్‌కి అది ఖాళీ పేజీ కిందే లెక్క), వ్యాసాన్ని వేరే ఫ్రేమ్‌లో పెట్టి యాడ్ కోడ్ బయట పెట్టడం, లేదా యాడ్ కోడ్‌ని ఒక ఫ్రేమ్‌లో పెట్టి వ్యాసాన్ని బయట వదిలేయడం. ఫ్రేమ్ అంటే పేజీలో అమర్చిన మరో పేజీ. యాడ్ ఏ పేజీలో ఉందో ఆ పేజీ రాతనే చూస్తుంది కాబట్టి రెండూ ఒకే పేజీలో ఉండాలి. వాయిస్, వీడియో పేజీలైతే కింద ఆ విషయం రెండు వందల మాటల్లోనైనా రాయండి.

సోర్స్ బాగానే ఉంటే ఇంకో పరీక్ష. పేజీ మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి, మామూలు నోట్‌ప్యాడ్‌లో అతికించండి. మీ వ్యాసం ఎన్ని మాటలు, మిగతాదంతా ఎన్ని మాటలు అని లెక్కపెట్టండి. మిగతాది అంటే మెనూ, పక్క కాలమ్, "ఇవి కూడా చదవండి" జాబితా, ట్యాగుల గుట్ట, అడుగున ఉండే లింకులు. నేను చూసిన ఒక పేజీలో వ్యాసం 180 మాటలు, చుట్టూ ఉన్నది 600 పైనే. ఆ 600లో ప్రయాణాలు, ఫోన్లు, ఉద్యోగాలు అన్నీ ఉన్నాయి. అది సైకిల్ పేజీ అని యంత్రం ఎలా తేల్చుకోవాలి? అక్కడ వ్యాసం పెంచి, చుట్టూ ఉన్నది తగ్గించాలి. "ఇవి కూడా చదవండి" కింద ఇరవై లింకుల బదులు అదే విషయం మీద నాలుగు చాలు. ట్యాగుల గుట్టని మొత్తంగా తీసేసినా చదివేవాళ్లు ఎవరూ వెతకరు.

థీమ్ మార్చగలిగితే అసలు వ్యాసాన్ని ఆర్టికల్, మెయిన్ ట్యాగుల్లో, మెనూని నావ్ ట్యాగులో, పక్క కాలమ్‌ని ఎసైడ్ ట్యాగులో పెట్టండి. ఏది ముఖ్యమో ఏది అలంకారమో చెప్పే పద్ధతి అది. పాత గైడ్లలో సెక్షన్ టార్గెటింగ్ అని, వ్యాసానికి ముందూ వెనకా కామెంట్ గుర్తులు పెట్టమని చెప్పేవాళ్లు. ఇప్పుడు దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

4. ఒక పేజీకి ఒకే చిరునామా

ఇది చాలామంది వదిలేసే స్టెప్. మీ సైట్ ప్రతి సందర్శకుడికీ చిరునామా చివర కొత్త సెషన్ నంబర్ తగిలిస్తుంటే, క్రాలర్‌కి ప్రతిసారీ అది కొత్త పేజీలాగే కనిపిస్తుంది. కొత్త పేజీని ఇంకా చదవలేదు కాబట్టి దానికి ఏదో ఒక యాడ్ వస్తుంది. చదివేసరికి ఆ చిరునామా మళ్లీ ఎవరూ తెరవరు. ఇలా ఎప్పటికీ సరిపడదు. సెషన్ వివరాలు కుకీలోకి, అంటే సైట్ బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచారంలోకి, మార్చండి. వడపోతలు, వరస మార్చే ఆప్షన్లు చిరునామాలో పేరుకుపోకుండా చూడండి. ప్రింట్ కోసం, మొబైల్ కోసం వేర్వేరు చిరునామాలు ఉంటే ఒకటి చేయండి.

కొత్తగా పెట్టిన పేజీకి మొదటి రోజు యాడ్స్ సరిగ్గా రాకపోతే ఆదుర్దా పడకండి. క్రాలర్ వచ్చి చదవడానికి టైమ్ పడుతుంది, త్వరగా రమ్మని అడిగే బటన్ ఏదీ లేదు.

5. ఇప్పుడు రాత

మొదట్లో చెప్పిన చైన్ పేజీ దగ్గరికి వద్దాం. దాని టైటిల్ "మీ చైన్‌కి కొత్త మెరుపు!". మొదటి పేరా ఇలా ఉంది:

"ఎంత ఖరీదు పెట్టి కొన్నా కొన్నాళ్లకు మెరుపు తగ్గుతుంది. బాధపడకండి, ఇంట్లోనే పది నిమిషాల్లో దాన్ని కొత్తదానిలా చేసుకోవచ్చు."

ఇందులో సైకిల్ అన్న మాట ఎక్కడా లేదు. మెరుపు, ఖరీదు, కొత్తదానిలా. మనిషికి పక్కనున్న ఫొటో చూస్తే అర్థమవుతుంది, యంత్రానికి మాత్రం ఈ మాటలన్నీ నగల దుకాణం వైపే చూపిస్తున్నాయి. మార్చిన టైటిల్: "సైకిల్ చైన్ తుప్పు వదిలించి ఆయిల్ వేయడం ఎలా?". మార్చిన పేరా:

"పెడల్ తొక్కుతుంటే కరకర శబ్దం వస్తోందా, గేర్ మార్చినప్పుడు పట్టేస్తోందా? సైకిల్ చైన్‌లో మట్టి, పాత గ్రీజు చేరి ఉంటుంది. డీగ్రీజర్, పాత బ్రష్, చైన్ ఆయిల్ ఉంటే చక్రం విప్పకుండానే శుభ్రం చేసుకోవచ్చు."

ఎక్కడా బలవంతంగా మాటలు జొప్పించలేదు. ఆ పని చేసేవాడు నిజంగా వాడే మాటలు వాడాం, అంతే. చదివేవాళ్లకు కూడా రెండోదే పనికొస్తుంది. ఒక మాటకు రెండు అర్థాలున్నప్పుడు (చైన్, మౌస్, ట్యాంక్, కీ) పక్కన దాని తోటి మాటలు ఉండేలా చూసుకోండి. అనుమానం వాటితోనే తీరుతుంది.

ఊరించే టైటిళ్లు మానేయండి. "ఇది తెలిస్తే షాక్ అవుతారు" అన్న టైటిల్‌లో విషయమే లేదు, దానికి ఏ యాడ్ సరిపోతుంది? ఉపశీర్షికల్లో కూడా "మొదటి విషయం", "ఇంకో విషయం" అనకుండా అసలు విషయం పేరు రాయండి. బొమ్మలకు పెట్టే ఆల్ట్ వివరణలో బొమ్మలో ఏముందో ఒక వాక్యం రాయండి.

ఒకే పేజీలో నాలుగు విషయాలు కలపకండి. "ఈ వారం కబుర్లు" అని సైకిల్, సినిమా, ఆరోగ్యం ఒకే దగ్గర పెడితే యాడ్స్ కూడా అలాగే కలగాపులగంగా వస్తాయి. విడదీసి మూడు పేజీలు చేయండి. హోమ్ పేజీ, కేటగిరీ పేజీల్లో ఈ గందరగోళం సహజం. ప్రతి కేటగిరీ పైన ఆ విభాగం దేని గురించో నాలుగు వాక్యాలు రాస్తే కొంత మెరుగవుతుంది, అంతకు మించి వాటి మీద శ్రమ పడకండి.

భాష సంగతి. తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే, అది ఏ భాషో తేల్చుకోవడమే యంత్రానికి కష్టం. తెలుగు లిపిలోనే రాయండి. సగం పేజీ ఒక భాష, సగం ఇంకో భాష అయితే రెండు పేజీలుగా విడదీయండి.

హెచ్చరిక, ఇది గట్టిగా చెబుతున్నాను: ఒకే మాటని ముప్పైసార్లు దట్టించడం, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలతో కీవర్డులు దాచడం, డబ్బులెక్కువ వచ్చే మాటలని సంబంధం లేకపోయినా ఇరికించడం చేయకండి. దాచిన కీవర్డులతో యాడ్స్‌ని మళ్లించడం నియమాలకు విరుద్ధం. పట్టుబడితే పోయేది ఆ ఒక్క పేజీ యాడ్ కాదు, అకౌంట్.

6. చివరగా సెట్టింగ్స్

పై ఐదూ చేసి, రెండు వారాలు ఆగి, అప్పుడు ఇక్కడికి రండి. యాడ్‌సెన్స్‌లో బ్రాండ్ సేఫ్టీ కింద బ్లాకింగ్ కంట్రోల్స్ ఉంటాయి. ఫలానా ప్రకటనదారు చిరునామాని ఆపొచ్చు, సాధారణ కేటగిరీలను ఆపొచ్చు, సున్నితమైన కేటగిరీలను ఆపొచ్చు. యాడ్ రివ్యూ సెంటర్‌లో ఇప్పటికే కనిపించిన యాడ్స్‌ని ఒక్కొక్కటిగా చూసి ఆపొచ్చు.

నా సలహా: మీ చదువరులకు అసభ్యంగానో మోసంగానో అనిపించేవి వెంటనే ఆపేయండి, అందులో ఆలోచించడానికి ఏమీ లేదు. కానీ కేవలం సంబంధం లేదని కేటగిరీలు వరసగా మూసుకుంటూ పోకండి. మూసిన ప్రతి కేటగిరీతో వేలంలో పాడేవాళ్లు తగ్గుతారు, ఆదాయమూ తగ్గుతుంది, పైగా ఆ ఖాళీలోకి మీ విషయానికి సంబంధించిన యాడే వస్తుందన్న హామీ లేదు. రెండు వారాలకు ఒక్కటి మాత్రమే మూయండి, మూసిన తేదీ షీట్‌లో రాయండి. పాతికేసి మూసేసి, రెండు నెలల తర్వాత ఆదాయం ఎందుకు పడిపోయిందో గుర్తులేక టెన్షన్ పడేవాళ్లని చాలామందిని చూశాను.

ఇంకో దారి, చూసేవాళ్ల ఆసక్తులను బట్టి వచ్చే యాడ్స్‌ని పూర్తిగా ఆపేయడం. యాడ్ కోడ్‌లో వ్యక్తిగతీకరణ లేని యాడ్స్ మాత్రమే కావాలని అడిగే వీలుంది. అప్పుడు పేజీ విషయం, ఏ ప్రాంతం నుంచి చూస్తున్నారు లాంటివే లెక్కలోకి వస్తాయి. సంబంధం పెరుగుతుంది, ఆదాయం తగ్గే అవకాశం కూడా ఉంది. అందుకే సైట్ మొత్తానికి ఒకేసారి పెట్టకుండా ఒక విభాగంలో పెట్టి చూడండి. ఎలాగూ సఫారీ బ్రౌజర్ 2020 మార్చి నుంచి మూడో పార్టీ కుకీలను, అంటే చూస్తున్న సైట్ కాకుండా వేరేవాళ్లు పెట్టే కుకీలను, పూర్తిగా ఆపేసింది. యూరప్ సందర్శకులు ఉంటే, 2024 జనవరి 16 నుంచి గూగుల్ ధ్రువీకరించిన సమ్మతి ప్లాట్‌ఫామ్ (సందర్శకుడి అనుమతి అడిగి నమోదు చేసే సాధనం) తప్పనిసరి అయింది. సమ్మతి ఇవ్వని చదువరికి వ్యక్తిగత యాడ్ వెళ్లదు, అక్కడ మీ పేజీలోని రాతే దిక్కు.

నేరుగా ప్రకటనలు అమ్ముకునే స్థాయికి వచ్చినవాళ్లు గూగుల్ యాడ్ మేనేజర్‌లో కీ-వాల్యూలు వాడండి. ప్రతి పేజీకి "విషయం: సైకిల్" లాంటి చీటీ మీరే తగిలించి, సైకిల్ విడిభాగాల ప్రకటన ఆ చీటీ ఉన్న పేజీల్లోనే రావాలని చెప్పొచ్చు. ఊహలకు తావుండదు. చీటీల పేర్లు ముందే ఒక జాబితాగా రాసుకోండి. ఒకచోట "సైకిల్", ఇంకోచోట "సైకిళ్లు" అని పెడితే సిస్టం దృష్టిలో అవి రెండు.

ఫలితం చెక్ చేయడం

మొదటి స్టెప్పులో చేసిన పది పేజీల జాబితా తీయండి. అవే పేజీలు, అదే పద్ధతి, ప్రైవేట్ విండో. ఎన్నింట సంబంధం ఉన్న యాడ్స్ వచ్చాయో పాత లెక్క పక్కన రాయండి. ఇది కంటి పరీక్ష.

రెండోది రిపోర్టులు. మార్చిన పేజీలకు ఒక యూఆర్ఎల్ ఛానల్ (ఎంచుకున్న పేజీల లెక్కను రిపోర్టులో విడిగా చూపించేది), మార్చని పేజీలకు ఇంకోటి పెట్టుకుంటే పోలిక తేలిక. టార్గెటింగ్ రకాన్ని బట్టి విడదీసి చూస్తే పేజీ విషయాన్ని బట్టి వచ్చిన యాడ్స్ వాటా ఎంతో తెలుస్తుంది. ఆ వాటా పెరుగుతుంటే మీ పని ఫలిస్తున్నట్టే. పేజీ ఆర్‌పీఎం కూడా చూడండి: ఆదాయాన్ని పేజీ వ్యూలతో భాగించి వెయ్యితో గుణించిన అంకె అది. ఉదాహరణకు 4,000 వ్యూలకు 6 డాలర్లు వస్తే ఆర్‌పీఎం 1.50 డాలర్లు.

క్లిక్కుల శాతం ఒక్కదాన్నే పట్టుకుని వేలాడకండి. 2024 మొదట్లో యాడ్‌సెన్స్ చెల్లింపు పద్ధతిని క్లిక్కుల నుంచి ఇంప్రెషన్లకు, అంటే యాడ్ చూపించిన లెక్కకు, మార్చింది. పైగా యాడ్ కంటికి కనబడని చోట ఉంటే ఎంత సరిపోయే యాడ్ అయినా లాభం లేదు. డిస్‌ప్లే యాడ్‌లో సగం పిక్సెళ్లు కనీసం ఒక సెకను తెర మీద ఉంటేనే చూసినట్టు లెక్క. ఇలా నిజంగా చూసినవాటి శాతం, అంటే వ్యూయబిలిటీ అంకె, బాగా తక్కువగా ఉంటే ముందు యాడ్ చోటు మార్చండి, సంబంధం సంగతి తర్వాత.

పోలిక చేసేటప్పుడు జరిగే పొరపాట్లు:

ఆదివారాన్ని బుధవారంతో పోల్చడం. వారాన్ని వారంతో, అవే రోజులతో పోల్చండి.

డిసెంబర్‌ని జనవరితో పోల్చడం. ఏడాది చివర ప్రకటనదారులు ఎక్కువ ఖర్చు పెడతారు, జనవరిలో తగ్గిస్తారు. మీరు ఏ మార్పూ చేయకపోయినా అంకెలు పడతాయి. ఆ నెలల్లో చేసిన ప్రయోగాన్ని నమ్మి నిర్ణయాలు తీసుకోకండి.

ఒకే రోజు టైటిల్, థీమ్, యాడ్ చోటు, బ్లాకింగ్ అన్నీ మార్చడం. బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, పాడైతే ఏది వెనక్కి తీసుకోవాలో తెలియదు. ఒక మార్పు, రెండు వారాలు, తర్వాతి మార్పు.

రోజుకు యాభై మంది చూసే పేజీలో మూడు రోజుల అంకెలు చూసి సంబరపడటం లేదా కుంగిపోవడం. తక్కువ ట్రాఫిక్ ఉంటే నెల ఆగండి, లేదా ఒకే రకం పేజీలు ఇరవై కలిపి చూడండి.

ఇన్నీ చేశాక కూడా ఒక పేజీ మొండికేస్తే, ఆ విషయం మీద డబ్బు పెట్టే ప్రకటనదారులే లేకపోవచ్చు. పాత లిపుల గురించో, ఒక అరుదైన పక్షి గురించో మీరు ఎంత బాగా రాసినా, అది చదివేవాళ్లకు అమ్మడానికి ఎవరి దగ్గరా ఏమీ లేకపోతే నెట్‌వర్క్‌లో తిరిగే మామూలు యాడే వచ్చి కూర్చుంటుంది. విషాద వార్తలు, సున్నితమైన విషయాల పేజీలకు చాలామంది ప్రకటనదారులు దూరంగా ఉంటారు, అక్కడా ఇంతే. అలాంటి పేజీని యాడ్స్ కోసం వంకర తిప్పి రాయకండి. అందులో యాడ్స్ తగ్గించండి లేదా తీసేయండి. ఆటో యాడ్స్ (యాడ్ల చోటు గూగులే ఎంచుకునే పద్ధతి) వాడుతుంటే ఫలానా పేజీని మినహాయించే ఆప్షన్ అందులోనే ఉంది. యాడ్ తీసిన చోట, అదే విషయం మీద యాడ్స్ బాగా వచ్చే మీ ఇంకో పేజీకి ఒక లింక్ పెట్టండి.